సొంత కారు రంగు

మా బావ తన జీవితంలో చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. మిగతావన్నీ తెలివైన పనులని కాదు, కాకపోతే అవి ఏ మనిషైనా చేసేవే. ఇది మాత్రం టాక్సీ నడిపి బతికినవాడు తప్ప ఇంకొకడు చెయ్యడు. దాని గురించి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి, ఆయన సంగతి చెప్పాలంటే ఆయన కారు సంగతి చెప్పాలి. ఆ రెంటినీ విడదీయడం కట్టుకున్న మా అక్క వల్లే కాలేదు, నావల్ల ఏమవుతుంది?

స్టాండులో ఆయన్ని అందరూ మీటరు అని పిలిచేవాళ్ళు. మీటరు ఎంత చూపిస్తే అంతే తీసుకునేవాడు. వాన పడుతోందనో, సామాను ఎక్కువుందనో, తిరిగి ఖాళీగా రావాలనో పైన చిల్లిగవ్వ అడిగేవాడు కాదు. తోటి డ్రైవర్లకు ఒళ్ళు మండిపోయేది. "నీ ఒక్కడి వల్ల మేమంతా దొంగల్లా కనిపిస్తున్నాం మీటరూ" అని మొహం మీదే అనేవాళ్ళు. "కనిపించడమేంటి పాపం" అని నేను పక్కనుంచి అంటించేదాన్ని. ఆ వీధిలోనే ఉన్న సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చించడం నా ఉద్యోగం. మధ్యాహ్నం ఆట మొదలయ్యాక టీ తాగడానికి స్టాండు దాకా వచ్చేదాన్ని. అందుకని బావ బతుకులో మా అక్క చూడని సగం నేను చూశాను.

కారు కొత్తదే కొన్నాడు. ఆయన తప్ప ఇంకొకరు స్టీరింగు పట్టుకోలేదు. ఒళ్ళంతా ముదురు నీలం, నెత్తిన తెలుపు. ఊళ్ళో టాక్సీలన్నిటికీ అదే రంగు. రెండు పక్కలా తలుపుల మీద తెల్లటి సున్నా, అందులో స్టాండు నంబరు. పైన చీకటి పడ్డాక వెలిగే చిన్న దీపం పెట్టె. లోపల అద్దం పక్కన ఇనప మీటరు, దానికో జెండా. జెండా కిందికి తిప్పితే బేరం ఉన్నట్టు, పైకి లేపితే ఖాళీ అన్నట్టు. అక్క ఆ కారును సవతి అనేది. "పొద్దున్నే లేచి దాని మొహం కడుగుతారు, నా మొహం వంక చూడరు" అని సాధించేది. సాధిస్తూనే, కారు తుడిచే గుడ్డలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి చేతికిచ్చేది.

కారు విషయంలో బావకో మొండి పట్టు ఉండేది. వెనక సీటు బేరానిది. ఇంట్లోవాళ్ళం ఎవరం ఎక్కినా ముందు సీట్లోనే ఇరుక్కోవాలి. అక్క, అక్క కూతురు, నేను ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం కూర్చుని ఆస్పత్రికీ, పెళ్ళిళ్ళకీ, చావుకబురు వచ్చిన ఇళ్ళకీ వెళ్ళాం. వెనక సీటు మాత్రం నున్నగా, ఖాళీగా, మహారాజులా వచ్చేది. "మనం కూర్చుంటే అరిగిపోతుందా బావా?" అని అడిగితే, "అది మనది కాదు మరదలా, ఎక్కేవాళ్ళది" అనేవాడు.

స్టాండున్న వీధిలోనే పెద్ద హోటలుంది. నున్నటి రాతి మెట్లు, ముందు ఇత్తడి గేటు, గేటు లోపల కార్లు ఆగడానికి నీడ. ఆ నీడలోకి సొంత కార్లే వెళ్ళాలి. టాక్సీలు చుట్టూ తిరిగి వంటింటి వెనక, చెత్తడబ్బాల పక్కనున్న గేటుకు రావాలి. లోపల కూర్చున్నది ఎంత పెద్దమనిషైనా, టాక్సీలో వచ్చాడంటే చెత్తడబ్బాల పక్కన దిగాల్సిందే.

ఒకరోజు కుండపోత వానలో బావ ఒక ముసలావిడను తీసుకొచ్చాడు. ఆవిడ కాలికి కట్టుంది. నడవలేదు కదా అని ముందు గేటులోంచి నీడలోకి పోనిచ్చాడు. కాపలావాడు పరిగెత్తుకొచ్చి బానెట్ మీద అరచేత్తో చరిచాడు. "కళ్ళు కనపడట్లేదా? ఇది టాక్సీలకి కాదు. తియ్, తియ్!" మెట్ల మీద నిలబడ్డ జనమంతా చూస్తుండగా బావ కారును వెనక్కి నడుపుకుంటూ రోడ్డు మీదికి వచ్చి, చుట్టూ తిప్పి చెత్తడబ్బాల దగ్గర ఆపాడు. ఆ కాపలావాడూ మాలాంటివాడే. వాడి కొంపలోనూ సొంత కారు ఏడ్చి ఉండదు. నాకు అందుకే మరీ మంట.

బావ ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. స్టాండులో వాళ్ళు నాకు చెప్పారు, నేను అక్కకు చెప్పాను. మాకు తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వలేదు. కానీ ఆ తర్వాత కూతురి పెళ్ళి మాటలకు మగపెళ్ళివాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన కారును వాళ్ళ గుమ్మం ముందు ఆపలేదు. వీధి మలుపులో ఆపి, మమ్మల్ని దించి, నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. "ఎండలో ఈ నడకేంటండీ?" అని అక్క అడిగితే, "ముందున్న చోటు ఇరుకు" అన్నాడు. ఆ వీధిలో ఏనుగులు రెండు పక్కపక్కన పోవచ్చు. అక్క నావైపు చూసింది, నేను అక్కవైపు చూశాను, ఇద్దరం నోరు మూసుకుని నడిచాం.

కాలం మారింది. ఫోన్లో పిలిస్తే వచ్చే బండ్లు దిగాయి. స్టాండు ఎత్తేశారు, పాత టాక్సీలకు పర్మిట్లు ఆపేశారు. తోటివాళ్ళు తమ కార్లను తుక్కు కింద అమ్మి తలో దారి పట్టారు. బావ మాత్రం అమ్మలేదు. కొన్నాళ్ళు ఎవరి బండో నడిపాడు, తర్వాత మోకాళ్ళు మొరాయిస్తే మానేశాడు. కారు ఇంటి పక్క రేకుల షెడ్డులోకి చేరింది. అయినా పొద్దున్నే లేచి గుడ్డతో తుడవడం, స్టార్ట్ చేసి కాసేపు ఇంజను శబ్దం వినడం, ఆపి తాళం జేబులో వేసుకోవడం మానలేదు. "ఎక్కడికీ వెళ్ళనిదానికి ఈ సింగారం ఎందుకు బావా?" అంటే, "నువ్వూ రోజూ తల దువ్వుకుంటావుగా" అనేవాడు. నాకు పెళ్ళి కాలేదని ఆయన వేసే చురక అది. ఇంకెవరైనా అనుంటే జుట్టు పీకేదాన్ని.

అప్పుడొచ్చి పడింది సర్కారు ఉత్తర్వు. పాతబడిన బండ్లు ఊళ్ళో ఉండటానికి వీల్లేదు, నడిపినా నడపకపోయినా తుక్కు యార్డుకు అప్పగించాలి. ఒకతను వచ్చి షెడ్డులో ఉన్న కారు అద్దం మీద ఎర్ర కాగితం అంటించి పోయాడు. బావ దాని ముందు చాలాసేపు నిలబడి లోపలికొచ్చి కూర్చున్నాడు. కంచంలో పెట్టింది కెలికి వదిలేశాడు. మర్నాడూ అంతే. మూడో రోజుకు మా అక్క ఏడుపు మొదలెట్టింది. సవతి పోతుంటే ఏడ్చిన ఇల్లాలు మా అక్క ఒక్కతే అయ్యుంటుంది. "అది పోతే ఈయన కూడా ఉండడే" అని నా దగ్గర గొణిగింది. నేను కసిరాను కానీ, నాకూ అదే భయం.

దారి కనిపెట్టింది వాళ్ళ కూతురు. ఫోన్ చేసి చెప్పింది. ఊళ్ళో పాతకార్ల సంఘం ఒకటుందట. ఏడాదికోసారి నడిబొడ్డున, హోటలు వీధిలో, బండ్ల రాకపోకలు ఆపేసి పాతకార్ల ప్రదర్శన పెడతారట. ఆ రోజు సంఘంవాళ్ళు చూసి, కాపాడుకోదగ్గ బండి అని పత్రం ఇచ్చినవాటికి ఆ ఉత్తర్వు వర్తించదట. ఎప్పటిలాగే ఇంటి దగ్గర ఉంచుకోవచ్చట. బావ వెంటనే సంఘానికి ఫోన్ చేయించాడు. అవతలి గొంతు మర్యాదగా ఉంది. ఏ మోడల్, నడుస్తుందా, మొదట్నుంచీ మీ దగ్గరే ఉందా అని అడిగింది. బావ మోడల్ చెప్పి, మిగతావాటికి అవునన్నాడు. "అయితే తప్పకుండా తీసుకురండి, చూస్తాం" అంది. అంతే. టాక్సీయా అని వాళ్ళడగలేదు, టాక్సీ అని ఈయన చెప్పలేదు. ఇలా తీసుకురండి, అలా తీసుకురాకండి అని చెప్పాలని వాళ్ళకు తోచలేదు. ఎలా తీసుకురావాలి అని అడగాలని ఈయనకు తోచలేదు.

ఎందుకు తోచలేదంటే, టాక్సీవాళ్ళకు అదొక పాఠం కింద పాతుకుపోయింది. ఏడాదికోసారి అధికారి ముందు బండిని పరీక్షకు నిలబెట్టాలి. పరీక్షకు ముందు పెయింటరు దగ్గరికి పోవాలి. గీతలు, సొట్టలు, తుప్పు ఏవీ కంటికి కనిపించకూడదు. ఇంజను దగ్గుతున్నా సరే, పైన మెరిస్తే అధికారి తల ఊపుతాడు. బతుకంతా అలా నెగ్గుకొచ్చిన మనిషి, అంత పెద్ద పరీక్షకు ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకెళతాడా?

స్టాండు రోజుల నుంచీ ఆయన కారుకు రంగు వేసే పెయింటరు ఇంకా బతికే ఉన్నాడు. అందరూ లప్పం అంటారు, సొట్టల్లో పూసే ముద్ద పేరే వాడికీ. వాడు పూడ్చని సొట్ట లేదని పేరు. లప్పాన్ని పిలిపించి, షెడ్డు చుట్టూ పరదాలు కట్టి, ఇద్దరూ లోపల దూరారు. గీకుతున్న చప్పుడు, రుద్దుతున్న చప్పుడు, ముక్కులు మండే వాసన. "చూడనివ్వు బావా" అంటే "అప్పుడే కాదు" అన్నాడు. ఇన్నాళ్ళ తర్వాత ఆయన మొహంలో కళ వచ్చింది. కంచంలో పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. నీలానికి నీలం, తెలుపుకు తెలుపు మెరుగు పెడుతున్నారని అక్కా నేనూ అనుకున్నాం.

ప్రదర్శన రోజు పొద్దున పరదా తీశాడు. కారు మొత్తం మీగడ రంగు. నీలం లేదు. తలుపుల మీద సున్నా లేదు, నంబరు లేదు. పైన దీపం పెట్టె లేదు, దాన్ని బిగించిన చోట బెజ్జాలు కూడా లప్పం పూడ్చేశాడు. లోపల చూశాను. మీటరు లేదు.

"మీటరేది బావా?"

"తీసేశా."

"తీసి?"

"తుక్కువాడికిచ్చేశా. ఇంట్లో ఉంటే మళ్ళీ బిగించబుద్ధవుతుంది."

అక్క కారు చుట్టూ తిరిగి వచ్చింది. "ఇది మన కారేనా?" అంది.

"ఇప్పుడే మన కారు" అన్నాడు బావ. గొంతులో సంబరం దాగలేదు. "అక్కడికొచ్చేవన్నీ పెద్దపెద్దవాళ్ళ సొంత కార్లు. మధ్యలో టాక్సీ పోయి నిలబడితే ఊరుకుంటారా? వెనక గేటుకి పొమ్మంటారు. ఇప్పుడు చూడు, ఎవడైనా దీన్ని టాక్సీ అనమను!" ఆ మాట అని, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు" అన్నాడు మా అక్కతో.

అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సీట్లో కూర్చోలేదు. కాళ్ళు తుడుచుకుని ఎక్కింది. వీపు ఆనించకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరింటికో వచ్చినదానిలా కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. బావ అద్దంలోంచి ఆవిడ వంక మాటిమాటికీ చూసుకుని మురిసిపోతున్నాడు. తన పెళ్ళాన్ని తనే కొత్తగా చూస్తున్నట్టు ఉంది. నాకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. అబద్ధం ఎందుకు, ఆ కాసేపు నాకూ ఆ మీగడ రంగు బాగుందనే అనిపించింది.

హోటలు వీధి గుర్తుపట్టలేనట్టుంది. రోడ్డుకు రెండు పక్కలా కార్లు, ఇత్తడి దీపాలు, చక్రాల మీద తళతళలాడే మూతలు. యజమానులు మడత కుర్చీల్లో కూర్చుని చల్లటివి తాగుతూ, ఒకరి కార్లను ఒకరు పొగుడుకుంటున్నారు. బాడ్జీ పెట్టుకున్న అమ్మాయి చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది. "సార్, మీ చోటు అక్కడ సార్" అని హోటలు ముందు గేటు పక్కనే చూపించింది. బావ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, కారును ఆ ఇత్తడి గేటు ముందు నిలబెట్టాడు. కాపలా కాస్తున్నవాడు వేరే కుర్రాడు, పాతవాడు ఎప్పుడో పోయుంటాడు. వాడు మాకు సలాం కొట్టాడు. బావ అల్లుడి కోటు వేసుకొచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని కారు పక్కన నిలబడ్డాడు. ఆయన అంత పొడుగని నేనెప్పుడూ అనుకోలేదు.

వీధి చివర, ఒకప్పుడు స్టాండు ఉన్న చోట, జనం మూగి ఉన్నారు. నేను వెళ్ళి చూశాను. నీలం కారు, నెత్తిన తెలుపు, తలుపు మీద సున్నా, సున్నాలో నంబరు. టోపీ పెట్టుకున్న నటుడొకడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. జనం వరసలో నిలబడి, వెనక ఎక్కి కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే మీటరు అట్టముక్క, జెండాకు మెరుపు కాగితం. నంబరు కూడా అబద్ధం, మా స్టాండులో అంత పెద్ద నంబరు లేనే లేదు. వెనక్కొచ్చి బావకు చెప్పాను.

ఆయన ఆ వైపు తల తిప్పి వెంటనే మళ్ళించుకున్నాడు. "చూశావా?" అన్నాడు. "టాక్సీని వేళాకోళానికి పెట్టారు. నేను చెప్పలా? నీలం రంగుతో వచ్చుంటే మనల్నీ అక్కడే కూర్చోబెట్టేవాళ్ళు." తను చేసింది సరైన పని అని ఆయనకు ఇంకా గట్టిపడింది. నేను కూడా తల ఊపాను.

మధ్యాహ్నం సంఘం అధ్యక్షుడు వచ్చాడు. వృత్తికి పళ్ళ డాక్టరట. చిన్న టార్చి, పొడుగు కాడ ఉన్న బుల్లి అద్దం చేతిలో ఉన్నాయి. పేషెంటు నోట్లోకి చూసినట్టే తలుపుల సందుల్లోకి, బానెట్ మూలల్లోకి చూసుకుంటూ తిరిగాడు. నెమ్మదస్తుడు, మాట మెత్తన. బావ ఆయన వెంట అడుగులో అడుగు వేస్తూ తిరిగాడు. తలుపు తెరిచి అంచు దగ్గర టార్చి వేసిన డాక్టరు అక్కడే ఆగిపోయాడు. గోటితో కొంచెం గీకాడు.

"కింద నీలం ఉందే" అన్నాడు. లోపలికి వంగి మీటరు బిగించిన చోటు తడిమాడు. లేచి నిలబడ్డాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది టాక్సీయా అండీ?"

"కాదండీ" అన్నాడు బావ.

"మరి ఈ నీలం..."

"సొంత కారేనండి. మొదట్నుంచీ సొంత కారే."

బతుకంతా మీటరు మీద ఒక్క మాట ఎక్కువ చెప్పని మనిషి. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది, అంతలోనే ఒళ్ళు మండింది. టాక్సీ నడిపితే అంత నేరమా? "టాక్సీయే డాక్టరు గారూ" అన్నాను గట్టిగా. "అదుగో, ఆ చివర స్టాండులోనే నడిపాడు. కొన్నప్పట్నుంచీ ఆయన చేతిలోనే ఉంది. నీలం, తెలుపు, సున్నా, మీటరు, అన్నీ ఉండేవి."

డాక్టరు కారు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అటు చివర ఫొటోల కారు వైపు చూశాడు, మళ్ళీ ఇటు చూశాడు. "మీటరు కూడా ఉండేదా?"

"మొన్నటి దాకా" అన్నాను.

"అయ్యో" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్న బాధ నిజమైనదే, నేను కాదనను. "ఎందుకు వేశారండీ రంగు? ఊరంతా గాలించాం. పాత టాక్సీ ఒక్కటి దొరకలేదు. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. దొరక్కే కదా అక్కడ ఆ నాటకం కారు పెట్టుకున్నాం! మీరు ఆ గీతలతో, ఆ సొట్టలతో అలాగే తీసుకొచ్చుంటే..." ఆగాడు. ఆపిన మాట మాకందరికీ వినిపించింది.

"మళ్ళీ నీలం వేయిస్తానండీ" అన్నాడు బావ. "లప్పం ఉన్నాడు. రేపే వేయిస్తా. సున్నా కూడా వాడే వేశాడు అప్పట్లో."

"వేస్తే అదీ కొత్త రంగే అవుతుంది కదండీ. ఆ నాటకం కారుకీ దీనికీ ఇక తేడా ఏముంటుంది?"

"పోనీ ఇలాగే, సొంత కారు కిందే ఉంచండి."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ మోడల్ సొంత కార్లు వరసలో ఇంకా ఉన్నాయని, వాటి మీద కంపెనీ వేసిన రంగు చెక్కు చెదరలేదని, ఇది ఎటూ కాకుండా పోయిందని నచ్చజెప్పాడు. మా అక్క అంతవరకూ వెనక సీట్లోంచి దిగలేదు. అప్పుడు దిగింది. డాక్టరు ముందుకొచ్చి నిలబడింది. "ఆయన్నేమీ అనకండి బాబూ. ఆ రంగు నేనే వెయ్యమన్నాను. నాకు టాక్సీ అంటే నామోషీ" అంది. జన్మలో అక్క చెప్పిన పెద్ద అబద్ధం అదే. బావ ఆవిడ వంక చూసి తల దించుకున్నాడు. డాక్టరు ఆవిడకు నమస్కారం పెట్టి, పక్క కారు దగ్గరికి పోయాడు. ఇంకేం చేస్తాడు?

మేం వెంటనే వెళ్ళిపోదామంటే వీల్లేదు, ప్రదర్శన ముగిసేదాకా బండ్లు కదపకూడదట. అలా నిలబడ్డాం. సాయంత్రం అవుతుండగా పొద్దుటి బాడ్జీ అమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది. ఫొటోల కారులో నటుడు వేరే చోట పనుండి వెళ్ళిపోయాడట, జనం ఇంకా వరసలో ఉన్నారట. "అంకుల్, కాసేపు మీరు కూర్చోగలరా? ఏం చెయ్యక్కర్లేదు, టోపీ పెట్టుకుని నవ్వితే చాలు. మీరు అచ్చం డ్రైవరులా ఉంటారు."

ఆ పిల్లకు మా సంగతేం తెలియదు. నేను నోరు తెరిచేలోగా బావ అల్లుడి కోటు విప్పి అక్క చేతికిచ్చాడు. "జనం ఎదురు చూస్తున్నారంట" అన్నాడు, అంతే. ఎక్కుతానన్నవాళ్ళను కాదనడం ఆయనకు చేతకాదు. వెళ్ళి టోపీ పెట్టుకుని ఆ నాటకం కారులో కూర్చున్నాడు. కూర్చుంటూనే అద్దం సర్దుకున్నాడు, మోచేయి కిటికీ మీద ఆనించాడు. వెనక ఒక తల్లి, చిన్న కూతురు ఎక్కారు. "తాతా, ఇది ఎక్కడికెళ్తుంది?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎక్కడికీ వెళ్ళదమ్మా" అన్నాడు బావ.

"నవ్వండి అంకుల్!" అని ఫొటోగ్రాఫరు అరిచాడు. నవ్వాడు. స్టాండులో బేరం ఎక్కినప్పుడు అద్దంలోంచి నవ్వే నవ్వే అది, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. మా అక్క చూడలేక అటు తిరిగింది. వరస అయిపోయేదాకా ఆయన దిగలేదు, మొహం చిట్లించుకోనూ లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు అక్క ముందు సీట్లో కూర్చుంది. గడువు లోపలే బావ కారును తనే నడుపుకుంటూ యార్డుకు తీసుకెళ్ళాడు. నేను తోడు వెళ్ళాను. నలిగిన ఇనుము గుట్టలు గుట్టలుగా ఉంది. అక్కడి పనివాడు కారు చుట్టూ ఓసారి తిరిగి, "కొత్త రంగేసి మరీ తెచ్చారే! సొంత కారా?" అని అడిగాడు.

"టాక్సీ" అన్నాడు బావ.

"ఏదైతేనేం, అక్కడ పెట్టి తాళం ఇవ్వండి" అన్నాడు వాడు.

ఆ తర్వాత మా బావ మనిషి మనిషి కాదు. రోగం ఏదీ లేదు, డాక్టర్లు చూశారు. పొద్దున్నే లేచి, చెయ్యడానికి ఏమీ తోచక మంచం మీద కూర్చుంటాడు. అక్క ఉతికిన గుడ్డలు మడతపెట్టబోయి, ఇక కారు లేదని గుర్తొచ్చి, వంటింటి తుడుపుకు పడేస్తుంది. ఆ కారును ఆయన్నుంచి ఏది తీసుకుపోయిందో నాకు తెలుసు. ఎత్తుకుపోయింది ఆ ఉత్తర్వు కాదు, ఆ సిగ్గు. ఆ సిగ్గు ఆయనకు పుట్టుకతో రాలేదు. వీధి వీధంతా కలిసి రుద్దింది, ఆయన దాన్ని ఒళ్ళంతా పూసుకున్నాడు. ఇప్పుడు అదే వీధి, అయ్యో ఎందుకు చెరిపేశావు అంటుంది. వీళ్ళ సిగ్గు ఏ చెత్తడబ్బాలో పడిపోయిందో!

మళ్ళీ ప్రదర్శన రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం బావ నాకు అక్క పంపిన టిఫిను డబ్బా ఇవ్వడానికి మా హాలుకు వచ్చాడు. ఇంటికి తిరిగి వెళుతున్నవాడు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. నేను గేటు వదిలి పరిగెత్తాను. హోటలు గోడకు అంత ఎత్తున బానరు కట్టి ఉంది. నీలం కారు, కిటికీలోంచి మోచేయి, టోపీ కింద మా బావ నవ్వు. జనం దాని ముందు ఆగి "భలే ఉందే" అనుకుంటూ పోతున్నారు. పక్కనే ఆయన నిలబడి ఉన్నాడు, ఒక్కడూ గుర్తుపట్టలేదు. బొమ్మ కింద అక్షరాలు ఆయనకు ఆనలేదు.

"ఏం రాశారే?" అని అడిగాడు.

చదివి వినిపించకుండా ఉండాల్సింది, కానీ ఆయన ఎదురుచూస్తున్నాడు. "అలనాటి టాక్సీ డ్రైవరు వేషంలో ఒక నటుడు" అని చదివాను. అరికాలి మంట నెత్తికెక్కింది. "పద బావా, ఇప్పుడే పోదాం. ఆ పళ్ళ డాక్టరుకి చెప్తా, వేషం కాదు, ఈయన నిజంగానే డ్రైవరని. ఆ రాత మార్పిస్తా."

బావ ఆ బొమ్మ వంకే చూస్తూ, కోపం లేకుండా, నాకు ఏదో చిన్న విషయం గుర్తుచేస్తున్నట్టు అడిగాడు.

"ఏం చూపించి చెప్తావు మరదలా?"